బడి మానడానికి అయిదు కారణాలు

జోషిత బడి మానేసింది, చదువుకుందామని.

ఈ ముక్క విని నవ్వినవాళ్లే గాని నమ్మినవాళ్లు రేవుపాలెంలో ఒక్కరూ లేరు. ఆ పిల్ల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతి. పదయ్యాక పాలిటెక్నిక్‌లో సివిల్ సీటు కొట్టాలని, ఊరి కాలవ మీద సగంలో ఆగిపోయి దిష్టిబొమ్మలా నిలబడ్డ వంతెనని ఎప్పటికైనా తనే పూర్తి చెయ్యాలని దాని ఆశ. పాలిటెక్నిక్ అంటే లెక్కలు. లెక్కలంటే భీమేశ్వరరావు మాస్టారు. ఆ చుట్టుపక్కల ఆయనంత బాగా లెక్కలు చెప్పేవాడు లేడని జోషిత మేనమామలు చదువుకునే రోజుల నుంచీ పేరు. ఆ పేరు నిజమో కాదో తేల్చుకునే భాగ్యం మాత్రం జోషితకి కలగలేదు. ఎందుకంటే బడిలో మాస్టారు ఫోటోలు తీస్తారు.

సరదాకి కాదు పాపం, ఉద్యోగమే అది. పొద్దున్నే మరుగుదొడ్ల ఫోటో. తరవాత పిల్లల ముఖాలు ఒక్కొక్కటీ ఫోనుకి చూపించి హాజరు. ఆపైన బియ్యం బస్తా ఫోటో, గుడ్డు ఫోటో, గుడ్డు పట్టుకున్న పిల్లాడి ఫోటో, తిన్నాక కడిగిన కంచం ఫోటో. ఒక్కటి ఆలస్యమైనా మెమో వస్తుంది. ఆ మరుగుదొడ్లలో నీళ్లు రాక ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఆడపిల్లలు సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టకుండా బిగబట్టుకు కూర్చుంటారు. అయినా ఫోటోలు ఠంచనుగా వెళ్తూనే ఉంటాయి. పైవాళ్లు అడిగింది ఫోటో, నీళ్లు కాదు గదా!

జూలైలో ఒకనాడు మాస్టారు బోర్డు మీద "ట్యాన్ తీటా =" అని రాశారు. ఫోను మోగింది. గుడ్డు ఫోటో మసగ్గా వచ్చిందట, పరుగెత్తారు. మర్నాడు వచ్చి, చెరిపి, మళ్లీ "ట్యాన్ తీటా =" అని రాశారు. మరుగుదొడ్లలో మూడో గది ఫోటో అందలేదట, మళ్లీ పరుగు. దసరా సెలవులిచ్చే నాటికి ట్యాన్ తీటా దేనికి సమానమో ఆ తరగతిలో ఒక్క ప్రాణికీ తెలియదు.

సెలవులయ్యాక జోషిత బడికి వెళ్లలేదు. "అమ్మా, నువ్వే చెప్పు" అని పుస్తకం పట్టుకుని వంటింట్లో కూలబడింది. వాళ్లమ్మ సుభాషిణి బి.ఎస్సీ. లెక్కలు, బి.ఇడి. కూడా. టీచరు ఉద్యోగానికి రెండుసార్లు రాసి రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకుని, ఆ చదువునంతా అటకెక్కించేసిన మనిషి. కూతురు అడిగితే ముందు తిట్టింది, తరవాత కళ్లొత్తుకుంది, ఆ తరవాత వంటింటి తలుపు మీద సుద్దముక్కతో ట్యాన్ తీటా రాసి, సమానం పెట్టి, ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగించి పడేసింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

"ఇంతేనా!" అని జోషిత అరిచిన అరుపుకి వీధి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న నాయనమ్మ మాణిక్యం ఉలిక్కిపడింది.

ఆ తరవాత కొన్నాళ్లు ఆ ఇంట్లో పండగే. తల్లీకూతుళ్లిద్దరూ నీడ కొలిచి సెల్‌టవరు ఎత్తు కట్టారు. పప్పు మాడితే మాడింది, లెక్క మాత్రం తప్పలేదు. జోషితకి అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

సరిగ్గా అప్పుడు మండల విద్యాధికారి దక్షిణామూర్తి గారు వేంచేశారు.

ఆయన రావడానికి కారణం ఉంది. బడి మానేసిన పిల్లలు ఒక్కరూ లేని మండలమని అంతకుముందే ఆయన సభ పెట్టి, శాలువా కప్పించుకుని ప్రకటించేశారు. ఆ సభకి ఫ్లెక్సీ కొట్టింది జోషిత నాన్న వీర్రాజే. వీర్రాజుకి బస్టాండు దగ్గర ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. పుట్టినరోజైనా, ఓణీల ఫంక్షనైనా, పెద్దకర్మైనా మనిషి బొమ్మని రెండు షేడ్లు తెల్లగా తిప్పనిదే మిషనెక్కించడు. ఉన్న రంగు ఉన్నట్టు కొడితే జనం డబ్బులివ్వరని అతని అనుభవం. ఆ ఫ్లెక్సీలో దక్షిణామూర్తి గారు పెళ్లికొడుకులా మెరిసిపోతూ ఇప్పటికీ సెంటర్లో వేలాడుతున్నారు. ఈ లోపున ఎవరో జోషిత సంగతి చెవిన వేశారు.

"అమ్మాయి పాఠశాల విడిచిపెట్టుటకు గల కారణము తెలియపరచవలెను," అన్నారు ఆయన కుర్చీలో కూర్చుంటూ.

"చదువుకోడానికండి," అంది జోషిత.

ఆయన ఫోను తీసి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు వేలితో పైకీ కిందకీ తోశారు. "ఆ ఆప్షను లేదమ్మా. బడి మానడానికి యాప్‌లో అయిదే కారణాలు. పెళ్లి, వలస, కూలిపని, దీర్ఘవ్యాధి, మరణం. వీటిలో నీకు వర్తించునది చెప్పు."

అరుగు మీద నుంచి నాయనమ్మ గయ్యిమంది. "నోరు కడుక్కో నాయనా! పచ్చగా ఉన్న కొంపలో ఏంటా మాటలు?"

"నేననడం లేదమ్మా, యాప్ అంటోంది."

"అయితే దాని నోరు కడుగు!"

వీర్రాజు మధ్యలో సర్దబోయాడు. "పోనీ పెళ్లని కొట్టేయండి సార్, గొడవొదిలిపోద్ది."

"పదిహేనేళ్ల పిల్లకి పెళ్లంటే నీ మీదా నా మీదా కేసవుతుందయ్యా. మరణమైతే నా మటుకు నాకు సులువు, మళ్లీ ఏ శాఖ వారూ అడగరు. కాకపోతే అమ్మాయికి పరీక్షల హాల్‌టికెట్ రాదు." దక్షిణామూర్తి గారు నిజంగానే ఆ పిల్ల మేలు కోరి ఆలోచిస్తున్నట్టు నుదురు రుద్దుకున్నారు. కాసేపటికి ఆయన ముఖం వెలిగింది. "మండలంలో బడి మానిన వారు లేరని ప్రకటించడమైనది. ప్రకటించిన పిమ్మట ఉండుటకు వీలులేదు. కావున ఈ అమ్మాయి బడి మానలేదు. మానలేదు గనక బడిలోనే ఉన్నది. ఉన్నదేమో ఈ ఇంట్లో. కనక ఈ ఇల్లే బడి!"

జోషిత లెక్కల పిల్ల కదా, ఒక్కొక్క మెట్టూ సరిచూసింది. తప్పు ఎక్కడా దొరకలేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. వీర్రాజు ఇల్లు రేవుపాలెం గృహోన్నత పాఠశాల అయింది. సుభాషిణి జీతం లేని ప్రధానోపాధ్యాయురాలు. వీర్రాజు మధ్యాహ్న భోజన నిర్వాహకుడు. మాణిక్యం తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షురాలు. జోషిత మొత్తం విద్యార్థులు.

తలుపు పక్కన తన పేరు, దాని కింద బి.ఎస్సీ., బి.ఇడి. అని బోర్డు పెట్టించుకున్న రోజున సుభాషిణి దాని ముందు నిలబడి కొంగుతో మూతి కప్పుకుని ఏడ్చింది. అమ్మని చూసి జోషితకీ గుండె నిండిపోయింది. ఇన్నేళ్లకి రావలసిన మర్యాద వచ్చింది గదా, ఏ రూపంలో వస్తేనేం అనుకుంది.

మర్నాడు ఫోను వచ్చింది.

ఫోనుతోపాటు యాప్‌లు వచ్చాయి, యాప్‌లతోపాటు వేళలు వచ్చాయి. ఇంట్లో ఉన్న ఒక్క మరుగుదొడ్డికీ పొద్దుటే ఫోటో తియ్యాలి.

"ఏవండీ, బయటికి రండి! ఫోటో టైమైపోతోంది!" అని సుభాషిణి తలుపు బాదింది.

"ఇప్పుడే కదే వచ్చింది!" లోపల్నుంచి వీర్రాజు గోల.

"మీరు లోపలుంటే ఎర్రగుర్తు పడుతోందండీ! వాడకంలో ఉంటే మార్కులు కట్ చేస్తారట!"

"వాడకానికి కాపోతే ఎందుకే అది?"

"మార్కులకండీ! త్వరగా రండి!"

ఆ రోజు నుంచి వీర్రాజు బస్టాండులో ఉన్నదానికి పోవడం అలవాటు చేసుకున్నాడు. శనివారం ఆ ఇంట్లో గుడ్డు ముట్టరు. యాప్‌కి శనివారమని లేదు. అందుకని ఒక గుడ్డుని ఉడకబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, అవసరమైనప్పుడల్లా కంచంలో పెట్టి ఫోటో తీసి మళ్లీ లోపల పెట్టేసేవారు. నాయనమ్మ దానికి హాజరుగుడ్డు అని పేరు పెట్టింది.

ఇదంతా భరించవచ్చు. జోషిత భరించలేనిది అమ్మ మాట మారిపోవడం. ఒకరోజు "అమ్మా, ఆకలేస్తోంది" అంటే, సుభాషిణి ఫోను మీంచి తలెత్తకుండా, "భోజన ఫోటో అప్‌లోడు ప్రక్రియలో ఉన్నది, అంతవరకు విద్యార్థులు సహకరించవలెను" అంది. నవ్వులాటకి అందేమోనని జోషిత ముఖంలోకి చూసింది. నవ్వు లేదు. సాయంత్రం నాయనమ్మ పేరంటానికి వెళ్తానంటే కమిటీ సమావేశం కోరం లేకుండా పోతుందని ఆపేసింది. నాయనమ్మ అన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

వంటింటి తలుపు మీద సుభాషిణి "సైన్ స్క్వేర్ తీటా + కాస్ స్క్వేర్ తీటా =" అని రాసింది. ఫోను మోగింది. మరుగుదొడ్డి ఫోటోలో బకెట్టు ఉంది గాని మగ్గు కనబడటం లేదట. వెళ్లింది. మర్నాడు ఆ రాత అలాగే ఉంది. ఆ మర్నాడూ ఉంది. తలుపు తీసినా వేసినా ఆ సమానం గుర్తు ఖాళీ చేతులు చాపుకుని ఎదురుగా కనబడేది. ఏ రోగాన్ని వదిలించుకోడానికి ఇంటికొచ్చిందో, ఆ రోగం ఆటో కట్టించుకుని వెనకాలే వచ్చి ఇంట్లో కాపురం పెట్టింది. జోషితకి భయమేసింది. బడి పోతే అమ్మ ఉందనుకుంది. ఇప్పుడు అమ్మ కూడా పోతోంది.

ఒక మధ్యాహ్నం తల దువ్వుకుని, యూనిఫాం వేసుకుని, వంటింటి గుమ్మం దగ్గర చేతులు కట్టుకు నిలబడింది.

"మేడమ్ గారూ, నాకు టీసీ కావాలండి."

సుభాషిణి విసుక్కుంది. "ఏంటే ఈ వేషాలు? కారణం?"

"ఇక్కడ చదువు చెప్పట్లేదండి."

సుభాషిణి వేలు అలవాటు కొద్దీ యాప్ తెరిచింది. పెళ్లి, వలస, కూలిపని, దీర్ఘవ్యాధి, మరణం. కన్నకూతురు తన దగ్గర్నుంచి ఎందుకు వెళ్లిపోతోందో ఆ అయిదింటిలో ఒకటి నొక్కమని ఫోను అడుగుతోంది. ఆమె ఫోను పొయ్యిగట్టు మీద బోర్లా పెట్టి, కూతుర్ని దగ్గరికి లాక్కుని, "నన్నేంటే ఇలా చేసేశారు? నేనైనా ఎలా పడిపోయానే దీన్లో?" అని వెక్కివెక్కి ఏడ్చింది. జోషిత కూడా ఏడ్చింది. నాయనమ్మ వచ్చి ఇద్దర్నీ తిట్టి, మంచినీళ్లిచ్చి, తనూ కళ్లు తుడుచుకుంది.

ఏడుపయ్యాక సుభాషిణి ముఖం కడుక్కుని, తిన్నగా బస్టాండు దగ్గర మొగుడి షాపుకి వెళ్లింది.

"ఏవండీ, ఒక మరుగుదొడ్డి కొట్టండి."

వీర్రాజు పుట్టినరోజు ఆర్డరు తీసుకున్నట్టే తీసుకున్నాడు. "ఎంత సైజు?"

"ఉన్నంత సైజు. తెల్లటి టైల్సుతో."

"పక్కన పూలకుండీ పెట్టనా?"

"పెట్టండి. మగ్గు మర్చిపోకండి. అలాగే ఒక గుడ్డు, కడిగిన కంచం, బెంచీలో కూర్చున్న మన పిల్ల, అన్నీ కొట్టండి."

వీర్రాజు అన్నీ కొట్టాడు. మరుగుదొడ్డి ధగధగలాడిపోయింది. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది, కూతుర్ని కూడా రెండు షేడ్లు తెల్లగా తిప్పాడు. ఫ్లెక్సీలన్నీ పెరటి వసారాలో వరసగా కట్టి, ఎదురుగా స్టూలు మీద ఫోను నిలబెట్టారు. ఏ వేళకి ఏది అడిగితే నాయనమ్మ స్టూలు దానివైపు తిప్పేది. మొదటిరోజు యాప్ ఫ్లెక్సీ జోషితని చూసి, ఇంతవరకూ ఉన్న ముఖం కంటే ఇదే స్పష్టంగా ఉందని పాత ఫోటో తీసేసి కొత్తది ఎక్కించుకుంది. వంటింట్లో సుభాషిణి సమానం గుర్తు పక్కన ఒకటి వేసింది. జోషిత ఆ ఒకటిని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

నెలాఖరుకి జిల్లాలో కల్లా శుభ్రమైన మరుగుదొడ్డి రేవుపాలెం గృహోన్నత పాఠశాలలో ఉన్నదని తేలింది. దక్షిణామూర్తి గారు శాలువాతో దిగారు. ప్రధానోపాధ్యాయురాలికి శాలువా కప్పి, "ఆ మరుగుదొడ్డిని ఒక్కసారి ప్రత్యక్షంగా దర్శించవలెను" అంటూ ఎవరు ఆపబోయినా ఆగకుండా పెరట్లోకి నడిచారు.

వసారాలో ఆయన తలుపు గడియ తియ్యబోయారు. చెయ్యి జారింది. మళ్లీ పట్టుకోబోయారు. ఫ్లెక్సీ గాలికి రెపరెపలాడింది. అయిపోయింది, అమ్మ పేరుబోర్డు, తన పరీక్ష, అంతా పోయిందనుకుంది జోషిత.

ఆయన ఫ్లెక్సీ అంచు పట్టుకుని వెనక్కి తొంగిచూశారు. కందిపప్పు ఎండబెట్టిన చేట ఉంది. వీర్రాజు వైపు తిరిగారు.

"నీళ్లు?"

"అక్కర్లేదండి," అన్నాడు వీర్రాజు.

"దుర్వాసన?"

"రాదండి. వర్షానికి కూడా ఏం కాదు. రెండేళ్లు గ్యారంటీ."

దక్షిణామూర్తి గారు లేని తలపాగా తీసినట్టు గౌరవంగా తల వంచి ఆ ఫ్లెక్సీని కళ్లారా చూశారు. "ఎంత పొరపాటు జరిగిపోయిందయ్యా! ఇన్నేళ్లుగా అనవసరంగా కట్టుకుంటూ వచ్చాం."

ఉత్తర్వులు రావడానికి ఆట్టే రోజులు పట్టలేదు. ప్రతి పాఠశాలా తనకు అవసరమైన సౌకర్యాలను ముద్రిత రూపంలో సమకూర్చుకోవలెను. సమకూర్చుకున్న వాటిని ఎవరూ వాడి పాడుచేయరాదు.

ఉన్నత పాఠశాల తరఫున ఫ్లెక్సీలకి భీమేశ్వరరావు మాస్టారు స్వయంగా వీర్రాజు ఇంటికే వచ్చారు. అరుగు మీద జోషితని చూసి ఆగిపోయారు. "ఏం తల్లీ, బాగున్నావా?"

"ట్యాన్ తీటా ఈజీక్వల్టు ఎదుటి భుజం బై ఆసన్న భుజం, మాస్టారూ," అంది జోషిత. ఎత్తిపొడవాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది.

మాస్టారి ముఖం నల్లబడింది. "ఎవరు చెప్పారమ్మా?"

"మా అమ్మండి."

ఆయన సుభాషిణికి రెండు చేతులూ జోడించారు. "నేను చెప్పాల్సింది మీరు చెప్పారమ్మా. సిగ్గుగా ఉంది. రేపట్నుంచి ఆ ఫోను స్టూలు మీదుంటుంది, నా చేతిలో సుద్దముక్కుంటుంది. అమ్మాయిని పంపండి."

సుభాషిణి కూతురి వైపు తిరిగింది. "వెళ్లవే. చివరి చాప్టర్లు నాకే సరిగ్గా గుర్తులేవు. ఊరికే గొప్పకి పోయి నీ సంవత్సరం పాడుచెయ్యలేను." జోషితకీ వెళ్లాలనే ఉంది. ఒంటరిగా కూర్చుని చేస్తే లెక్క తప్పినా వెక్కిరించే దిక్కులేదు, అది కూడా ఒక లోటే.

టీసీ ఇవ్వబోతే యాప్ ఒప్పుకోలేదు. ఈ విద్యార్థినికి నూటికి నూరు హాజరు ఉన్నది గనక బడి మానుటకు వీలుపడదంది. సరే, ఫ్లెక్సీ జోషిత ఎలాగూ హాజరులో కూర్చునే ఉంది కదా అని దాన్ని అక్కడే వదిలేసి, జోషిత బడికి వెళ్లిపోయింది.

బడి చూడముచ్చటగా ఉంది. వరండా పొడుగునా ఫ్లెక్సీలు. ముందు వరసలో తెల్లటి పిల్లలు తెల్లటి గుడ్లు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ ఫ్లెక్సీల వెనక, కాస్త చీకటిగా ఉన్న గదిలో, నల్లవాళ్లూ చామనఛాయవాళ్లూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి కూర్చున్నారు. గుడ్డు ముద్రిత రూపంలోకి వెళ్లిపోయింది గనక కడుపులో ఆకలి ఉంది. నీళ్లు ఎప్పుడూ లేనట్టే ఇప్పుడూ లేవు. కాని బోర్డు ముందు భీమేశ్వరరావు మాస్టారున్నారు. మేనమామలు చెప్పింది అబద్ధం కాదు. ఆయన లెక్క చెబుతుంటే జోషితకి ఆ సగం వంతెన మిగతా సగం కళ్ల ముందు లేచి నిలబడింది.

ఫిబ్రవరిలో దక్షిణామూర్తి గారు తనిఖీకి వచ్చారు. ఫ్లెక్సీలన్నీ చూసి తృప్తిపడి, వెళ్తూ వెళ్తూ వెనక ఏదో మాటల చప్పుడు వినబడితే తొంగిచూశారు. ఒక మనిషి పాఠం చెబుతున్నాడు. పిల్లలు వింటున్నారు. ఇలాంటిది ఆయన సర్వీసులో ఈ మధ్య చూడలేదు. అనుమానం వచ్చి, మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల ముఖానికి ఫోను పెట్టారు. ఎర్రగుర్తు పడింది.

"ఎవరమ్మా నువ్వు?"

"జోషితనండి. మా ఇంటికి వచ్చారు కదండీ."

"జోషిత ఈ నిమిషాన గృహోన్నత పాఠశాలలో హాజరులో ఉన్నది. పైగా ఆ అమ్మాయి తెల్లగా ఉంటుంది." ఆయన ఫోనులోని జోషితనీ, ఎదురుగా ఉన్న జోషితనీ మార్చిమార్చి చూసి, ఫోనునే నమ్మారు. "సరే, ఎవరివైతేనేం. ఇక్కడికి ఎందుకొచ్చావు?"

"చదువుకోడానికండి."

దక్షిణామూర్తి గారు కళ్లజోడు సర్దుకున్నారు. బడికి రావడానికి గల కారణాలు యాప్‌లో వేరే ఉన్నాయి. భోజనం, యూనిఫాం, సైకిలు, హాజరు, తనిఖీ. పైకి తోశారు, కిందకి తోశారు. మళ్లీ మొదటికి వచ్చారు.

"ఆ ఆప్షను లేదమ్మా."

మాస్టారి చేతిలో సుద్దముక్క బోర్డు మీద పడీ పడనట్టు ఆగింది. జోషిత లేవమన్నా లేవకూడదని బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆయన కాసేపు ఆలోచించి, పెద్ద బరువు దించుకున్నట్టు ఫోను జేబులో పెట్టుకున్నారు. "కారణం లేదు గనక నువ్వు రాలేదు. రానివాళ్ల మీద చర్య తీసుకొనుటకు నిబంధనలు అనుమతించవు. మాస్టారూ, ఎవరూ లేని గదిలో ఫ్యాను వేసి ఉంచారు, కట్టేయండి."

ఫ్యాను కట్టేసి ఆయన వెళ్లిపోయారు. జీపు చప్పుడు దూరమయింది. అప్పుడు మాస్టారు బోర్డు వైపు తిరిగి, సగంలో ఆగిన లెక్క దగ్గర సమానం గుర్తు పెట్టి, దాని పక్కన రాయవలసినదంతా రాశారు. చెమటలు కక్కుతూ జోషిత దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంది.